జబ్బు లేని ఇంట్లో బ్రెడ్డు

మా వైపు ఇంటికి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరో మంచం పట్టారని అర్థం. జ్వరమొస్తే బ్రెడ్డు, ఆపరేషనైతే బ్రెడ్డు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను చూడబోతే చేతిలో ఒక బ్రెడ్డు పాకెట్టు, నాలుగు బత్తాయిలు. ఒళ్ళు బాగున్న మనిషి కూర్చుని బ్రెడ్డు తినడం మా ఊళ్ళో నేనెప్పుడూ చూడలేదు. అల్లూరుకు తూర్పున, సముద్రపు గాలి అడక్కుండానే ఇంట్లోకి వచ్చే పల్లె మాది. అలాంటి చోట, ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేకుండా, నేను బ్రెడ్డు కాల్చడం మొదలుపెట్టాను.

ఎందుకంటే మా అత్త కోసం. ఆవిడ తింటుందని కాదు, మెచ్చుకుంటుందని. కోవూరు నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి నేను ఏం వండినా ఆవిడ అంతకు ముందే నాకంటే బాగా వండి ఉండేది. చేపల పులుసు పెడితే గిన్నెలోకి చూసి ఊరుకునేది. గోంగూర చేస్తే, తమ వీధిలో ఎవరెవరు గోంగూర బాగా చేసేవాళ్ళో చెప్పేది. బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. తిట్టినా బాగుండును, ఎదురు చెప్పడానికైనా ఉంటుంది. ఆవిడ జన్మలో చెయ్యని వంట ఒకటి చేసి ముందు పెడితే ఏమంటుందో చూడాలని నా పంతం. అప్పుడే ఫోనులో ఎవరో ఒకావిడ ఓవెన్ లేకుండా, డబ్బాల్లో బ్రెడ్డు చేసే వీడియో కనిపించింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

డబ్బాలకు మా ఊళ్ళో కరువు లేదు. సముద్రం ఒడ్డున రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలు ఉన్నాయి. ఆ పిల్లలకు మొదటి మేత ఆర్టీమియా అని, ఇసుక రవ్వలా ఉంటుంది, రేకు డబ్బాల్లో వస్తుంది. ఖాళీ డబ్బాలు ఊరంతటికీ చేరతాయి. ఎవరింట్లో చూసినా కందిపప్పు అందులోనే, చింతపండు అందులోనే, గోడ మీద కనకాంబరాల మొక్క కూడా అందులోనే. మూతి దగ్గర సన్నం కాకుండా పైనుంచి కిందికి ఒకే వెడల్పు కాబట్టి లోపల కాలింది జారి బయటికొస్తుందని నా లెక్క. రెండు డబ్బాలు ఖాళీ చేసి, చింతపండు నీళ్ళలో మరగబెట్టి, బూడిదతో తోమి, పైన రంగంతా మాడి పొగ ఆగేదాకా ఉత్తి డబ్బాలనే పొయ్యి మీద కాల్చాను. అయినా మొదటి బ్రెడ్డుకు వాసన వదల్లేదు.

అత్త వాసన చూసి, "ఇందులో ఎండుచేపలు వేసినావా పిల్లా?" అంది.

వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది. అదే నాకు ఎక్కువ మండింది.

ఇక ఈస్టు. అల్లూరు అంగళ్ళలో అడిగితే, బేకరీ వాళ్ళు నెల్లూరు నుంచి తెచ్చుకుంటారన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, మా ఇంట్లోనే ఉందని. మా ఆయన రొయ్యల గుంటలు చేస్తాడు. తవుడు, బెల్లం, ఈస్టు కలిపి డ్రమ్ముల్లో పులియబెట్టి గుంటలో చల్లుతారు, నీళ్ళు బాగుంటాయని. ఆ పాకెట్టులోంచి ఒక చెంచా తీశాను. సంగతి తెలిసి ఆయన తల పట్టుకున్నాడు.

"గుంటలో పోసేది నోట్లో పోస్తావా?"

"రొయ్యలు తిని బతకలేదా?" అన్నాను.

"రొయ్యలు తిన్నాక మనం రొయ్యల్ని తింటాం. నిన్నెవురు తింటారే?" అని నవ్వి వెళ్ళిపోయాడు. దానికి జవాబు నాకు సాయంత్రానికి గాని తట్టలేదు, అప్పటికి ఆయన గుంటల మీద ఉన్నాడు.

దోసెపిండి మనసు నాకు తెలుసు. ఏ కాలంలో ఎంతసేపటికి పొంగుతుందో చెయ్యి పెట్టి చెప్పగలను. ఈ మైదాపిండి మనసు మాత్రం ఎంతకీ పట్టుబడలేదు. అదే పిండి, అదే ఈస్టు, అవే డబ్బాలు. ఒకరోజు డబ్బా నోరు దాటి పక్కలకు కారేది, ఇంకోరోజు పడుకున్న చోటి నుంచి లేచేది కాదు. తూర్పుగాలి వల్లనా, నీళ్ళలో ఉప్పు వల్లనా, నా చేతి వల్లనా? వీడియోలో ఆవిడకు ఎప్పుడు చూసినా ఒకేలా పొంగుతుంది. ఆవిడ ఊళ్ళో సముద్రం ఉండదేమో అనుకుని సర్దిచెప్పుకున్నాను.

పెద్ద డేగిసాలో ఇసుక పోసి, కట్టెల పొయ్యి మీద వేడెక్కాక, పిండి నింపిన డబ్బాలు అందులో నిలబెట్టి, పైన పళ్ళెం మూసి, పళ్ళెం మీద కూడా నిప్పులు పరిచేదాన్ని. సరుగుడు కట్టెలు చురుగ్గా మండుతాయి, కాస్త ఏమరితే అడుగు బొగ్గే. ఎన్నిసార్లు చెడిందో చెప్పను. ఒక రోజు మాత్రం డబ్బాను బోర్లించి వీపు మీద తడితే పొత్రంలా గుండ్రంగా, నడుముకు డబ్బా గీతలతో, గోధుమరంగులో చేతిలోకి జారింది. కోస్తే లోపల మెత్తగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ వాసన గోడ దాటిన కాసేపటికి పక్కింటి అమ్మాయి వచ్చింది. బట్టలు కుడుతుంది, వాళ్ళ ఇంటాయనకు అల్లూరులో చెప్పుల అంగడి. చేతిలో బత్తాయిలు.

"ఎవురికి బాగలేదక్కా?"

"ఎవరికీ ఏం కాలేదే."

"నా కాడ దాస్తావా? ఇందాకట్నుంచి బ్రెడ్డు వాసన వస్తా ఉంటే..." అని గొంతు తగ్గించి, "అన్నకా?" అంది.

ఎవరికీ జబ్బు లేదనీ, తినడానికే చేశాననీ చెప్పాను. పోనీలే అక్కా, చెప్పేదానికి ఇష్టం లేకపోతే చెప్పబాకు అన్నట్టు నా చెయ్యి నిమిరి, బత్తాయిలు అరుగు మీద పెట్టి వెళ్ళింది. ఆ బత్తాయిలను ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. తిరిగి ఇస్తే బాగుండదు, తింటే జబ్బు ఒప్పుకున్నట్టు.

అసలు సంగతి ఆ సాయంత్రం జరిగింది. అత్తకు టీ ఇచ్చి, పక్కన ఒక ముక్క పెట్టాను. ఆవిడ దాన్ని గ్లాసులో ముంచి, మెత్తబడేదాకా ఉంచి, చెంచాతో తీసుకుని నెమ్మదిగా తినింది. చేతులు కడుక్కుంటుందని నేను చెంబు అందుకోబోతే, "ఇంకోటి ఉండాదా?" అంది.

నా చెవులను నేనే నమ్మలేదు. నా వంట ఇంకొంచెం కావాలని ఆవిడ నోట రావడం అదే మొదలు. బాగుందా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఆ ఒక్కటీ పాడవుతుందేమోనని మింగేశాను.

మర్నాడు కూడా అడిగింది. ఆ తర్వాత అడగకుండానే పెట్టడం అలవాటైంది. పొద్దున బ్రెడ్డూ పాలు, సాయంత్రం బ్రెడ్డూ టీ. మధ్యాహ్నం అన్నం మాత్రం పళ్ళెం తీసుకుని తన గదిలోకి పోయేది, అరుగు మీద ఎండ కొడుతోందని. పుట్టింటికి ఫోను చేసి మా అమ్మకు చెప్పాను, మా అత్తకు నా బ్రెడ్డు లేకపోతే జరగడం లేదని. రోజూ డబ్బాలు తోముతూ, పిండి పిసుకుతూ, నడుము పట్టేసినా నాకు బరువనిపించలేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. మా పొయ్యిలోంచి రోజూ బ్రెడ్డు వాసన వస్తుంటే ఎవరి మనసు కుదుటపడుతుంది? ఒకావిడ షుగరా అని అడిగింది. ఒకావిడ గుండెకు నెల్లూరులో ఏ ఆసుపత్రి మంచిదో చెప్పిపోయింది. లేదంటే నమ్మరు. నిప్పు లేకుండా పొగ వస్తుందా అన్నట్టు చూస్తారు. నాకు అసలే ముక్కు మీద కోపం. ఒకరోజు పాలు పోసే ఆయన కూడా గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూస్తుంటే, "మా ఇంట్లో అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు, చూసిపో!" అని అరిచాను.

అంతగా అరిచేవాళ్ళ ఇంట్లోనే ఏదో ఉంటుందని వీధిలో తేల్చేశారు.

చివరికి అది గుంటల దాకా పాకింది. మేత అంగడి ఆయన పని కట్టుకుని వచ్చి, మా ఆయన మొహంలోకి చూసి, చిక్కిపోయావు అన్నాడట. రొయ్యలు గుంటలో ఉన్నన్నాళ్ళు మా ఇళ్ళలో జబ్బు అనే మాటే ఎత్తం. అంతకు ముందు పంట తెల్లమచ్చ తెగులుకు పోయింది. ఈసారి పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే రోజు, దగ్గర పడుతోంది. మా ఆయన రాత్రీ పగలూ అక్కడే కాపలా.

"ఆ బ్రెడ్డు ఆపుమే. పట్టుబడి అయ్యేదాకన్నా ఆపు. ఊరంతా నన్ను పాడె మీద పడుకోబెట్టేట్టుండారు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీదా, ఊరి మీదా, బత్తాయిల మీదా. డబ్బాలు రెండూ అటక మీదికి విసిరేసినట్టే పెట్టాను.

ఆ సాయంత్రం అత్త టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. పక్కన ఏమీ లేదు. మర్నాడు పొద్దున పాలూ అంతే. మధ్యాహ్నం నేను బావి దగ్గర ఉంటే వెనక నుంచి వచ్చి నిలబడింది.

"రొట్టె చెయ్యలేదా పిల్లా?"

"మీ అబ్బాయి వద్దన్నాడు."

"వాడికేం తెలుసు. చెయ్యి. ఒకటన్నా చెయ్యి."

ఆవిడ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. బతిమాలుతున్నట్టు ఉంది గొంతు. నాకు సంతోషంతో పాటు ఏదోలా అయింది. మెచ్చుకోవడమంటే ఇలా ఉంటుందా అనుకున్నాను. మెచ్చుకునేవాళ్ళ కళ్ళు అలా ఉండవని కూడా అనుకున్నాను, కాని ఆ మాట వెంటనే తోసేశాను. పొయ్యి వెలిగించాను.

ఆ రోజు పిండి లేవలేదు. ఎంతసేపు చూసినా డబ్బా అడుగునే ఉంది. ఆవిడ గుమ్మంలో కూర్చుని పొయ్యి వైపే చూస్తుంటే నాకు చేతులు ఆడలేదు, సరే కాలిస్తే కాస్తన్నా పొంగుతుందిలే అని పెట్టేశాను. ఇటుకముక్క వచ్చింది. అత్త ముక్క విరిచి టీలో వేసింది. అది నానలేదు. చెంచాతో నొక్కింది, మళ్ళీ వేసింది. చివరికి నోట్లో పెట్టుకుంది.

కాసేపటికి గొంతు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. లేచి పెరట్లోకి పోయి గోడ పట్టుకుని వంగింది. నేను వెనకే పరిగెత్తాను. నా బ్రెడ్డే ఆవిడ ప్రాణం తీస్తోందనుకుని వీపు తట్టాను. ముక్క బయటికి వచ్చాక మంచినీళ్ళు ఇచ్చాను. రెండు గుక్కలు తాగింది. ఆ నీళ్ళు కూడా వెనక్కి వచ్చాయి.

బ్రెడ్డు గట్టిది, సరే. నీళ్ళు గట్టివి కావు కదా?

అప్పుడు పెరట్లో కోళ్ళు కనిపించాయి. అన్నీ ఆవిడ గది కిటికీ కింద చేరి, తలలెత్తి చూస్తున్నాయి. ఆవిడ మధ్యాహ్నం అన్నం ఎవరు తింటున్నారో అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తా?"

ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుంది. "చానా దినాలుగా. ముందు అన్నం పట్టుకునేది. ఇప్పుడు నీళ్ళు కూడా ఒక్కోసారి పోవు."

"చెప్పొద్దా?"

"మా అక్కకు ఇట్టనే మొదలైంది. గొంతులో రాచపుండన్నారు. మళ్ళా మూడు నెలలు లేదు." కొంగుతో మూతి తుడుచుకుంది. "గుంటలో రొయ్యలుండాయి. వాడు ఆడ వదిలిపెట్టి నన్నేసుకుని తిరుగుతాడా? పట్టుబడి అయినాక చెప్దామనుకున్నా."

"గంజి అడిగినా కాచేదాన్ని కదా!"

"గంజి అడిగితే ఏమైందని అడుగుతారు. రొట్టెకైతే ఎవురూ అడగరు గదా, ఈ ఇంట్లో."

ఊరంతా బ్రెడ్డు చూసి జబ్బును వెతికింది. మా ఇంట్లో మాత్రం జబ్బున్న మనిషి బ్రెడ్డు తింటుంటే జబ్బనే ఆలోచనే రాలేదు, ఎందుకంటే ఆ అర్థాన్ని చెరిపేసింది నేనే. బ్రెడ్డంటే మా ఇంట్లో ఉత్త పలహారం. ఆవిడ ఆ చాటున దాక్కుంది. నాకు భయం వేసింది. దాంతోపాటు, సిగ్గు లేకుండా, ఇంకొకటి కూడా లోపల గుచ్చుకుంది: అయితే ఆవిడకు నా బ్రెడ్డు నచ్చలేదన్నమాట.

మర్నాడు పొద్దున బస్సులో ఆవిడను నెల్లూరు తీసుకుపోయాను. మా ఆయన కూడా వస్తానని బట్టలు మార్చుకున్నాడు. అత్త గుమ్మంలో అడ్డం నిలబడి, గుంటలు వదిలితే తను బస్సెక్కనంది. ఆయన మమ్మల్ని బస్సెక్కించి, బస్సు కదిలాక కూడా కిటికీ కమ్మీ పట్టుకుని కొంతదూరం నడిచాడు. దారి పొడుగునా ఆవిడ నా భుజం మీద తల పెట్టి పడుకుంది. అంతకు ముందు ఎప్పుడూ అలా చెయ్యలేదు. నాకు ఆవిడ మీద కోపమో, జాలో, నా మీద నాకే రోతో తేలడం లేదు. ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసిందా? లేక నా వల్ల నాలుగు ముద్దలు లోపలికి పోయాయా? రెండూ నిజమే అయితే నేను ఏది పట్టుకోవాలి?

డాక్టరు గొంతులోకి పైపు వేసి చూశాడు. ఆహారం దిగే దారి ఒకచోట బాగా ఇరుకైందన్నాడు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. ఆవిడకు గంజి వడకట్టి ఇచ్చేదాన్ని, మజ్జిగ పలచగా చేసి ఇచ్చేదాన్ని. పక్కింటి అమ్మాయి మళ్ళీ బత్తాయిలు తెచ్చింది. ఈసారి తీసుకున్నాను. రసం పిండి ఇస్తే అత్త గుక్కా గుక్కా తాగింది.

రాచపుండు కాదన్నారు. ఏళ్ళ తరబడి పుల్లటి త్రేన్పులు పైకి తన్ని, ఆ చోటు పుండ్లు పడి, మాని, బిగుసుకుపోయిందట. చిన్న బుడగ లాంటిది లోపలికి పంపి వెడల్పు చేశారు. కొన్నాళ్ళకు పిలిచి మళ్ళీ చేశారు. ఈ లోపల పట్టుబడి అయింది, రొయ్యలు బాగానే వచ్చాయి. మా ఆయన ఆ రాత్రి తల్లి మంచం పక్కన నేల మీద పడుకుని, పెద్దగా గురక పెట్టాడు.

అన్నం పెట్టొచ్చన్న రోజు చేపల పులుసు చేశాను. ముళ్ళు తీసి, మెత్తగా పిసికి పెట్టబోతే చెయ్యి తోసేసి తనే కలుపుకుంది. ఒక్కో ముద్దా మింగి, కాసేపు ఆగి, దిగిందని నమ్మకం కుదిరాక ఇంకో ముద్ద పెట్టుకుంది. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి నా చీర కొంగంతా నలిగిపోయింది.

ఇంకో వారానికి ఆవిడే అడిగింది, "రొట్టె చెయ్యి పిల్లా, ఒకసారి తినాల" అని. నాకు చెయ్యాలని లేదు. ఆ డబ్బాలు చూస్తేనే పెరట్లో వంగిన ఆవిడ వీపు కళ్ళకు కడుతోంది. అయినా చేశాను. టీ ఇవ్వలేదు. ఉత్త ముక్క చేతిలో పెట్టి, పక్కనే మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డాను.

"ఇన్ని దినాలు తిన్నావు గదా అత్తా, ఎట్టా ఉండేది?" అని అడిగేశాను. ఆవిడ యాస నా నోట్లోకి వచ్చేసింది.

"అప్పుడు రుచి ఎవురు చూసినారు? దిగుతుందా, నిలబడుతుందా, అదొకటే గదా చూసుకునింది. నోట్లో ఏముండాదో తెలిసేది కాదు."

తర్వాత నమిలింది. బాగా నమిలింది. ముందు కాస్త విరిచి, మళ్ళీ కాస్త విరిచి, కళ్ళు సగం మూసుకుని నమిలింది. మింగింది. చెంబు కోసం చెయ్యి చాపలేదు.

"లోపల పచ్చిగా ఉండాది. అడుగు మాత్రం మాడింది. మంట పెట్టేది నీకు ఎప్పుడొస్తుంది?" అంది. "రేపు మళ్ళా చెయ్యి. మంట కాడ నేను కూర్చుంటా."

నేను సరే అత్తా అన్నాను. చెంబు కింద పెట్టి, పళ్ళెంలో మిగిలిన ముక్క తీసుకుని నేనూ తిన్నాను. నిజమే, లోపల పచ్చిగానే ఉంది.